‘ఆర్‌టీఏ’ అని రాసి వదిలేస్తే: బైకు ప్రమాద గాయాలు, కేస్ షీటు, మెడికల్ కోడింగ్

క్లుప్తంగా: బైకు ప్రమాదంలో గాయపడిన మనిషి ఆసుపత్రి రికార్డు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తగిలిన గాయం ఏది, అది ఎలా తగిలింది? మొదటిదానికి డాక్టర్లు శ్రద్ధగానే జవాబు రాస్తారు. రెండోది చాలాసార్లు ‘ఆర్‌టీఏ’ అన్న మూడక్షరాలతో ముగుస్తుంది. ఆ ఖాళీ బీమా క్లెయిమ్‌లో, పోలీసు కేసులో, మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ ఇచ్చే పరిహారంలో, మరణాల లెక్కలో ఎలా బయటపడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

డోన్ నుంచి ప్యాపిలి వైపు చీకటి పడే వేళ భార్యాభర్తలు బైకు మీద వెళుతున్నారనుకుందాం. గేదె అడ్డం వచ్చింది, బండి పడిపోయింది. భర్తకు కుడి కాలు మోకాలి కింద విరిగింది. వెనక కూర్చున్న భార్య తలకు దెబ్బ తగిలి కాసేపు స్పృహ తప్పింది. 108లో ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చారు. క్యాజువాల్టీ రిజిస్టరులో ఇద్దరి పేర్ల పక్కనా ఒకే మాట పడింది: ‘ఆర్‌టీఏ’.

రోడ్డు ట్రాఫిక్ యాక్సిడెంట్ అన్నదానికి అది పొట్టి రూపం. రాసిన మాటలో అబద్ధం లేదు. అయితే అందులో బైకు లేదు, గేదె లేదు, బండి నడిపిందెవరో వెనక కూర్చున్నదెవరో లేదు. చికిత్సకు ఆ వివరాలు వెంటనే అవసరం పడవు కాబట్టి ఆ క్షణాన లోటు ఎవరికీ కనిపించదు. వారం తర్వాత బీమా ఫారం నింపేటప్పుడో, రెండేళ్ల తర్వాత ట్రైబ్యునల్‌లో కాగితాలు తిరగేసేటప్పుడో అది కనిపిస్తుంది.

గాయానికొక కోడు, కారణానికొక కోడు

మెడికల్ కోడింగ్ అంటే డాక్టరు మాటల్లో రాసిన రోగనిర్ధారణను ఒక అంతర్జాతీయ పట్టికలోని అక్షరాలు, అంకెల్లోకి మార్చడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ఐసీడీ-10 ఆ పట్టిక. 1990లో ఆమోదం పొంది 1994 నుంచి వాడుకలోకి వచ్చింది. గాయాల విషయంలో దీని పద్ధతి ప్రత్యేకమైనది. గాయం ఏ భాగానికి, ఏ తీరున తగిలిందో ‘ఎస్’, ‘టీ’ అక్షరాలతో మొదలయ్యే కోడ్లు చెబుతాయి. తలకు తగిలినవన్నీ ఎస్00 నుంచి ఎస్09 వరకు, తొడ ఎముక విరిగితే ఎస్72, మోకాలి కింద నుంచి చీలమండ దాకా విరిగితే ఎస్82, మెడ కింది కాలర్ ఎముక విరిగితే ఎస్42.0. ఆ గాయం ఎలా తగిలిందో చెప్పే కోడ్లు వేరే ఉంటాయి. వాహన ప్రమాదాలైతే అవి ‘వీ’తో మొదలవుతాయి. మోటారు సైకిలు మీద ఉన్నవారికి వీ20 నుంచి వీ29 వరకు పది కోడ్లు కేటాయించారు. స్కూటీలు, మోపెడ్లు, పల్లెల్లో మూటలు మోసే ఎక్సెల్ బండ్లు కూడా ఈ వర్గంలోకే వస్తాయి. ఆటోలో ఉన్నవారిది మాత్రం వీ30 నుంచి మొదలయ్యే వేరే వరుస.

ఈ పది కోడ్ల మధ్య తేడా బైకు దేన్ని ఢీకొన్నదన్న దాన్నిబట్టి ఉంటుంది. మనిషిని గాని జంతువును గాని ఢీకొంటే వీ20, సైకిలును అయితే వీ21, మరో బైకునో ఆటోనో అయితే వీ22, కారును అయితే వీ23, లారీ లేదా బస్సును అయితే వీ24. ఎద్దుల బండిని ఢీకొంటే వీ26. డివైడరు, కల్వర్టు గోడ, కరెంటు స్తంభం వంటి కదలని వస్తువైతే వీ27. దేన్నీ ఢీకొనకుండా జారిపడితే వీ28. ఆ తర్వాత వచ్చే నాలుగో అంకె మనిషి స్థానాన్ని చెబుతుంది. పబ్లిక్ రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో నడిపే వ్యక్తికి 4, వెనక కూర్చున్న వ్యక్తికి 5.

ఇప్పుడు పై ఉదాహరణకు వద్దాం. బైకు గేదెకు తగిలే పడిపోయి ఉంటే భర్తది వీ20.4, భార్యది వీ20.5. గేదెను తప్పించబోయి, దానికి తగలకుండా, బ్రేకు పట్టి జారిపడి ఉంటే వీ28.4, వీ28.5. జారుతూ వెళ్లి డివైడరుకు కొట్టుకుంటే వీ27. ‘గేదె అడ్డమొచ్చింది’ అన్న ఒక్క మాటతో ఈ మూడింటిలో ఏది జరిగిందో తేలదు. కేస్ షీటులో ఆ మాట కూడా లేకుండా ‘ఆర్‌టీఏ’ అని మాత్రమే ఉంటే కోడింగు చేసేవారికి మిగిలేది వీ89.2 ఒక్కటే. ఏ వాహనమో తెలియని మోటారు వాహన ప్రమాదాల కోసం పట్టికలో ఉంచిన గూడు అది. ఆర్‌టీఏ అన్న పొట్టి మాట ఆ గూటి కిందే అక్షరాలా ముద్రించి ఉంది. అంటే డాక్టరు కళ్లెదుట ఉన్న బైకు మనిషి, కోడు పడేసరికి వాహనం పేరు లేని మనిషి అయిపోతాడు.

ప్రమాదాల వరుసను ఎంత జాగ్రత్తగా విడదీయాలో చెప్పడానికి కర్నూలు జిల్లా ప్రజలు మరచిపోలేని ఒక దుర్ఘటన ఉంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర 44వ జాతీయ రహదారి మీద ఒక ప్రైవేటు బస్సు దగ్ధమైంది. పోలీసులు వెల్లడించిన వివరాల ప్రకారం, ముందు ఒక బైకు అదుపు తప్పి డివైడరుకు కొట్టుకోవడంతో దాన్ని నడుపుతున్న యువకుడు ప్రాణం విడిచాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును ఆ తర్వాత వచ్చిన బస్సు ఢీకొంది. స్థలం ఒకటే, నిమిషాల తేడా. అయినా ప్రమాదాలు రెండు. బైకు నడిపిన వ్యక్తి మరణం వీ27 కిందికి వస్తుంది. బస్సు ప్రయాణికుల గాయాలు, మరణాలు బస్సు ద్విచక్ర వాహనాన్ని ఢీకొన్న వర్గమైన వీ72 కిందికి వస్తాయి. రెండింటినీ ఒకే ‘ఆర్‌టీఏ’గా చుట్టేస్తే రోడ్డు ఇంజనీరుకు గాని, రవాణా శాఖకు గాని నేర్చుకోవలసిన పాఠమే చేతికందదు.

ఎముక విరిగిందని రాస్తే సరిపోదు

గాయాన్ని వర్ణించడంలో మన డాక్టర్లకు లోటు లేదు. శస్త్రచికిత్స నోట్సు చూస్తే ఎంత వివరంగా ఉంటుందో తెలుస్తుంది. చిక్కంతా ఆ వివరం డిశ్చార్జి సమ్మరీ దాకా చేరకపోవడంలో ఉంది. ఆపరేషన్ నోట్సులో ‘కుడి టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) నడి భాగం, ముక్కలైంది, బయటికి గాయం ఉంది’ అని ఉన్నది, సమ్మరీలో ‘కాలు ఫ్రాక్చర్’గా మిగులుతుంది.

ఇక్కడ పట్టికకు ఒక నియమం ఉంది. ఎముక విరిగినచోట చర్మం చీలిందో లేదో రాయకపోతే దాన్ని మూసి ఉన్న ఫ్రాక్చర్‌గానే లెక్కించాలి. బైకు ప్రమాదాల్లో మోకాలి కింది ఎముక విరగడం మామూలు. అక్కడ ఎముకకూ చర్మానికీ మధ్య కండ పలుచగా ఉండడం వల్ల పైగాయంతో కూడిన ఫ్రాక్చర్లు ఎక్కువ. ఇన్‌ఫెక్షన్, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు, చర్మం అతికించడం, నెలల తరబడి పని మానుకోవడం, ఇవన్నీ ఆ పైగాయంతో ముడిపడినవే. ‘ఓపెన్’ అన్న ఒక్క మాట సమ్మరీలో రాయకపోతే ఆ తర్వాతి బిల్లులన్నీ చిన్న గాయానికి పెద్ద ఖర్చు పెట్టినట్లుగా కనిపిస్తాయి. బీమా సంస్థ ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో వాడే పద్ధతితో పోల్చితే ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2015 అక్టోబరు 1 నుంచి అక్కడ ఐసీడీ-10కి చేసిన విస్తృత రూపం అమల్లో ఉంది. కోడు ఏడక్షరాల వరకు సాగుతుంది. కుడి టిబియా నడి భాగం ముక్కలై పక్కకు జరిగితే ఎస్82.251. దాని చివర చేరే ఏడో అక్షరం ఫ్రాక్చర్ మూసి ఉందా, తెరిచి ఉందా, తెరిచి ఉంటే గాయం ఎంత తీవ్రమైనది, ఇది చురుకైన చికిత్స దశా లేక మానుతున్న దశా అన్నది చెబుతుంది. ఒక సెంటీమీటరులోపు గాయానికీ, రక్తనాళం తెగి అతకవలసిన గాయానికీ అక్షరం మారిపోతుంది. అదే కాలికి రాడ్డు వేస్తే ఆ ఆపరేషన్‌కు 27759 అన్న వేరే కోడు ఉంటుంది. డాక్టరు రాయని మాటను కోడరు ఊహించి వేయడానికి వీల్లేదు. సందేహం ఉంటే డాక్టరును రాతపూర్వకంగా అడగాలి.

ఈ పనిని అమెరికా ఆసుపత్రుల కోసం చేస్తున్నవారిలో కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల బీఫార్మసీ, నర్సింగ్, బీఎస్సీ పట్టభద్రులు కూడా ఉన్నారు. హైదరాబాదు అమీర్‌పేటలోనో బెంగళూరులోనో శిక్షణ పొంది, వేల మైళ్ల దూరాన బైకు మీద నుంచి పడిన మనిషి కాలు కుడిదా ఎడమదా అని వెతికి మరీ కోడు వేసే నైపుణ్యం మన పిల్లల దగ్గర ఉంది. వారి సొంత ఊరి ఆసుపత్రి రికార్డుకు మాత్రం ఆ నైపుణ్యం అందడం లేదు. దీనికి కారణం తెలివి లోపం కాదు. అమెరికాలో కోడు సరిగా లేకపోతే డబ్బు రాదు. ఇక్కడ ఆరోగ్యశ్రీగా జనానికి అలవాటై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకంలో చెల్లింపు ప్యాకేజీ కోడును బట్టి జరుగుతుంది. ఆ కోడు చికిత్సకు ధర కట్టేది. ప్రమాదం ఎలా జరిగిందన్నది దాని పని కాదు. ఏ వివరానికి డబ్బు ముడిపడలేదో ఆ వివరం మీద శ్రద్ధ తగ్గుతుంది.

తల గాయాల సంగతి మరింత సున్నితం. ‘హెడ్ ఇంజురీ’ అని మాత్రమే రాస్తే ఎస్09.9, అంటే ఏమిటో చెప్పని తల గాయం. మెదడు అదిరి కాసేపు స్పృహ తప్పితే ఎస్06.0. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరితే ఎస్06.4, పొర కింద చేరితే ఎస్06.5. వీటి మధ్య తేడా సీటీ స్కాన్‌లో తేలుతుంది. అయితే కాలక్రమంలో ఏం జరిగిందో చెప్పేది స్పృహ స్థాయిని కొలిచే గ్లాస్గో స్కోరు. 3 నుంచి 15 వరకు ఉండే ఈ స్కోరులో 13 గాని అంతకు పైన గాని ఉంటే తేలికపాటి గాయం, 8కి దిగితే తీవ్రమైనది. పై ఉదాహరణలో భార్య ఆసుపత్రికి చేరేసరికి 15తో మాట్లాడుతూ ఉండి, అర్ధరాత్రికి 11కు దిగితే, ఆ రెండు అంకెలూ వాటి పక్కన సమయమూ రాసి ఉండడం ప్రాణానికీ అవసరమే, కాగితానికీ అవసరమే. స్పృహ ఎంతసేపు తప్పింది, వాంతులయ్యాయా, చెవి ముక్కుల నుంచి రక్తం కారిందా, ఫిట్స్ వచ్చాయా అన్న నాలుగు విషయాలు మన కేస్ షీట్లలో అలవాటుగా రాస్తారు. అది ఎంతో మంచి అలవాటు. హెల్మెట్ ఉందా లేదా అన్న ఐదో విషయానికి అలాంటి అలవాటు ఇంకా కుదరలేదు. వీ20 నుంచి వీ29 కోడ్లలో కూడా హెల్మెట్‌కు చోటు లేదు కాబట్టి డాక్టరు మాటల్లో రాస్తే తప్ప ఆ సమాచారం ఆసుపత్రి రికార్డులో ఎక్కడా మిగలదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. అందులో నడిపేవారు 35,692 మంది, వెనక కూర్చున్నవారు 14,337 మంది. ఈ విభజన అంతా పోలీసు నివేదికల నుంచి వచ్చినది. గాయపడి బతికి, పోలీసు స్టేషను దాకా వెళ్లనివారి సంగతి చెప్పగలిగినవి ఆసుపత్రులే.

మరణ ధ్రువీకరణలో తలకిందులయ్యే వరుస

మనిషి బతికి ఉన్నంతకాలం ఆసుపత్రి లెక్కలో ప్రధానం గాయం కోడు. చనిపోతే వరుస మారుతుంది. మరణ కారణాన్ని ధ్రువీకరించే ఫారం 4లో డాక్టరు తక్షణ కారణం నుంచి మూల కారణం దాకా మెట్లుగా రాయాలి. ప్రమాద మరణాల్లో మూల కారణంగా లెక్కకెక్కేది తల గాయం కాదు, ఆ గాయానికి దారితీసిన ప్రమాదం. అంటే ‘వీ’ కోడు. అడుగు మెట్టులో ‘లారీని ఢీకొన్న బైకు నడుపుతున్న వ్యక్తి’ అని ఉంటే వీ24.4 అవుతుంది. ‘ఆర్‌టీఏ’ అని ఉంటే వీ89.2. ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అని మాత్రమే రాసి ఆపేస్తే ప్రమాదమే లెక్క నుంచి మాయమవుతుంది. గుండె ఆగడం ప్రతి మరణంలోనూ ఉండేదే కాబట్టి దానివల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు.

మొదటి వాక్యం మీద నిలబడే బీమా, కేసు

ప్రమాద కేసు రాగానే ఆసుపత్రి దాన్ని ఎంఎల్‌సీగా, అంటే మెడికో లీగల్ కేసుగా, నమోదు చేసి పోలీసులకు ఇంటిమేషన్ పంపుతుంది. తర్వాత పోలీసులు అడిగితే గాయాల సర్టిఫికెట్ ఇస్తుంది. అందులో గాయం సాధారణమా తీవ్రమా అన్నది డాక్టరు చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గాని పన్ను గాని విరిగినా తప్పినా అది తీవ్ర గాయమే. 15 రోజుల పాటు తీవ్ర నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా కూడా అంతే. పాత శిక్షా స్మృతిలో ఇది 20 రోజులు. మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించని చీలిక పది రోజుల తర్వాత తేలితే ‘సాధారణం’ అని ఇచ్చిన సర్టిఫికెట్‌ను సవరించాలి. ఆ సవరణ కోరవచ్చునన్న సంగతే చాలా కుటుంబాలకు తెలియదు.

బీమా దగ్గర ఎవరు నడిపారన్నది పెద్ద ప్రశ్న. బండి సొంతదారు తానే నడుపుతూ జారిపడితే థర్డ్ పార్టీ బీమా కింద అతనికి పరిహారం రాదు. అతనికి ఆధారం సొంతదారుకు వర్తించే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కటే. అది కూడా ప్రధానంగా మరణానికి, శాశ్వత వైకల్యానికి. వెనక కూర్చున్న వ్యక్తికి ఆ బండి పాలసీ ‘యాక్ట్ ఓన్లీ’ (థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న) రకమైతే రక్షణ ఉండదు, సమగ్ర పాలసీ అయితే ఉంటుంది. మరో వాహనం తప్పువల్ల ప్రమాదం జరిగితే ఆ వాహనం పాలసీ నుంచి ఇద్దరూ పరిహారం కోరవచ్చు. కోడులోని 4, 5 అంకెల తేడా, వీ28కీ వీ23కీ ఉన్న తేడా, చట్టంలో ఇంత దూరం వెళతాయి.

అందుకే క్యాజువాల్టీలో రాసిన మొదటి కథనం మీద తర్వాత అంత వాదన నడుస్తుంది. ‘తానే జారిపడ్డాడు’ అని మొదట రాసి ఉండి, నాలుగు రోజుల తర్వాతి ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తు తెలియని కారు ఢీకొట్టింది’ అని ఉంటే బీమా సంస్థ న్యాయవాది మొదట చూపేది ఆ తేడానే. పరిహారం కోసం కథ మార్చే సందర్భాలు లేకపోలేదు. కానీ నిజాయితీగా ఉన్నవారు కూడా ఇందులో చిక్కుకుంటారన్నది గమనించాలి. గాయపడిన మనిషి స్పృహలో ఉండడు. అతన్ని ఆసుపత్రికి తెచ్చిన దారినపోయే మనిషి ప్రమాదాన్ని చూసి ఉండడు. పడిపోయి ఉన్నవాణ్ని చూసి ‘పడిపోయాడు’ అంటాడు, డాక్టరు అదే రాస్తాడు. ఆ సమాచారం ఇచ్చిందెవరో, వారు ప్రమాదాన్ని కళ్లారా చూశారో లేదో పక్కన ఒక్క ముక్క రాస్తే సగం వివాదం పుట్టదు.

మద్యం విషయమూ ఇలాంటిదే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన క్లెయిమ్ ఫారంలో ఆసుపత్రి నింపే భాగం ఐసీడీ-10 కోడ్లను అడుగుతుంది. గాయమైతే దానికి కారణం, మద్యం పాత్ర ఉంటే దాన్ని నిర్ధారించే పరీక్ష చేశారా, మెడికో లీగల్ కేసా, పోలీసులకు తెలియజేశారా, తెలియజేయకపోతే ఎందుకు అన్నవీ అందులోనే ఉంటాయి. పరీక్ష చేయకుండా ‘మద్యం వాసన ఉంది’ అని రాసిన ఒక వాక్యం క్లెయిమ్‌ను నెలల తరబడి ఆపగలదు. అనుమానం ఉన్నప్పుడు రక్త నమూనా తీయడం రోగికీ డాక్టరుకూ ఇద్దరికీ న్యాయం.

ట్రైబ్యునల్‌లో వైకల్యం శాతం మరో మలుపు. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పినది నేటికీ ప్రామాణికం. ఒక కాలికో చేతికో ఉన్న శాతం వేరు, మొత్తం శరీరానికి లెక్కించే శాతం వేరు, సంపాదనశక్తి ఎంత పోయిందన్నది మరీ వేరు. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరుకూ అదే గాయమైన గుమస్తాకూ నష్టం ఒకటి కాదని కోర్టు ఉదాహరణతో వివరించింది. అందువల్ల కేస్ షీటులో మనిషి వృత్తి గడిని ఖాళీగా వదలకూడదు. బేతంచర్లలో బండలు కోసే కార్మికునికి మోకాలు వంగకపోవడం అంటే పని పోవడమే. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌లోని శాతం ఒక్కటే ఆ సంగతి చెప్పలేదు.

రెఫరల్ దారిలో జారిపోయే కాగితాలు

ఈ ప్రాంతంలో తీవ్ర గాయాల రోగి ఒకే ఆసుపత్రిలో ఉండిపోవడం తక్కువ. ఆదోని లేదా డోన్‌లో ప్రథమ చికిత్స, అక్కడి నుంచి కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, అవసరమైతే హైదరాబాదు. ప్రతి మజిలీలోనూ కథ మళ్లీ మొదటి నుంచి చెబుతారు. ప్రతిసారీ చెప్పే మనిషి మారతాడు. మూడు చోట్ల మూడు సమయాలు, రెండు రకాల కథనాలు ఉండడం అసాధారణం కాదు. వీటిని కలిపి కుట్టగలిగిన కాగితం 108 సిబ్బంది రాసే రోగి రికార్డు. ప్రమాద స్థలం, చేరుకున్న సమయం, అప్పటి స్పృహ స్థితి అందులో ఉంటాయి. దాన్ని కేస్ షీటుకు జతచేసి ఉంచితే చాలా ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది.

రాయలసీమలో మరో ప్రత్యేకత పుత్తూరు కట్టు. ఎముక విరిగినవారు ఆసుపత్రి నుంచి తమంతట తామే వెళ్లిపోయి పుత్తూరు చేరడం తరతరాల అలవాటు. వైద్యంగా దాని మంచిచెడులు వేరే చర్చ. రికార్డు పరంగా మాత్రం ఆసుపత్రి కాగితంలో ‘వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లారు’ అన్నది చివరి మాట అవుతుంది. తర్వాతి నెలల నొప్పి, కోల్పోయిన కూలి, వంకరగా అతికిన ఎముక, వీటిలో వేటికీ కాగితం ఉండదు. కట్టు కట్టించుకున్నా సరే, మధ్యలో ఎక్స్‌రేలు తీయించి, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీలో నమోదు చేయించుకుంటే ఆ ఖాళీ ఏర్పడదు.

ఇక ముందు

2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితునికి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, గరిష్ఠంగా లక్షన్నర రూపాయల చికిత్స అందాలి. పోలీసులు ఈ-డార్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నింపే ప్రమాద నివేదికను ఆసుపత్రి క్లెయిమ్‌తో ముడిపెట్టారు. ఇంతకాలం పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం విడివిడిగా నడిచి, ఎప్పుడో ట్రైబ్యునల్‌లో ఎదురుపడేవి. ఇప్పుడు తొలి రోజుల్లోనే ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. ఆసుపత్రి ‘ఆర్‌టీఏ’ అని, పోలీసులు ‘బైకు, లారీ, వెనక కూర్చున్న వ్యక్తి’ అని రాస్తే పొసగని చోటు వెంటనే కనిపిస్తుంది. డబ్బు ముడిపడినప్పుడు వివరం మెరుగుపడుతుందన్న అమెరికా అనుభవాన్ని బట్టి చూస్తే, ప్రమాద కారణం రాసే అలవాటు ఇక్కడ కూడా ఈ దారిలోనే బలపడే అవకాశం ఉంది. ఒక డ్యూటీ డాక్టరు ఒక రాత్రిలో పదుల మందిని చూడవలసిన చోట అది ఆయన ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రికార్డు విభాగంలో శిక్షణ పొందిన కోడర్లను నియమించి, డిశ్చార్జికి ముందే కేస్ షీటు చూసి డాక్టరును అడిగే ఏర్పాటు కావాలి. ఆ శిక్షణ పొందినవారు ఇదే జిల్లాల్లో ఉన్నారు.

రోగి కుటుంబం చేయగలిగినదీ కొంత ఉంది. డోన్ దంపతుల రికార్డు నిండుగా ఉండాలంటే కావలసినవి ఎక్కువేమీ కావు. ప్రమాదం జరిగిన సమయం, చోటు, బైకు దేన్ని ఢీకొన్నది లేక ఢీకొనలేదన్నది, ఎవరు నడిపారు, ఎవరు వెనక కూర్చున్నారు, హెల్మెట్ ఉందా, వృత్తి ఏమిటి, ఈ సంగతులు చెప్పిందెవరు. ఇవన్నీ రాయడానికి రెండు వాక్యాలు చాలు. అప్పుడు భర్త కేస్ షీటులో ‘ప్యాపిలి దారిలో సాయంత్రం ఏడు గంటలకు బైకు నడుపుతూ గేదెను ఢీకొని పడ్డాడు, హెల్మెట్ ఉంది, ఈ సంగతి రోగే చెప్పాడు’ అని ఉంటుంది. పొరపాటు పడితే కొట్టివేతలు, దిద్దుబాట్లు కాకుండా, రాసిన డాక్టరే తేదీ, సంతకంతో అదనపు నోటు చేర్చాలి. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి గాని అతని తరఫు వ్యక్తి గాని అడిగితే 72 గంటల్లోగా రికార్డు నకలు ఇవ్వాలి. దాన్ని కేసు పడ్డాక కాకుండా డిశ్చార్జి రోజునే అడిగి తీసుకుని, ఎడమ, కుడి, సమయం, కథనం సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటే, రాసిన డాక్టరుకు ఆ రాత్రి ఇంకా గుర్తుండగానే సవరణ అడగవచ్చు.